పిల్లాడికి ఎవరూ చెప్పని నిజాలు: ‘మై లైఫ్ యాజ్ ఎ డాగ్’ను ఎలా అర్థం చేసుకోవాలి?

క్లుప్తంగా: 1985లో వచ్చిన ఈ స్వీడిష్ సినిమాను బాల్యం మీద వచ్చిన తీపి జ్ఞాపకంగా చెప్పడం మామూలే. నిజానికి దీన్ని నడిపించేది ఒక దాపరికం. తల్లి జబ్బు గురించి, కుక్క గురించి, తన భవిష్యత్తు గురించి ఎవరూ ఏమీ చెప్పకపోతే, పిల్లాడు పేపర్లో చదివిన ప్రమాదాలతో తన కష్టాన్ని పోల్చుకుంటూ రోజులు నెట్టుకొస్తాడు. అంతరిక్షంలోకి పంపిన లైకా కథ ఇందులో ఎందుకు ఉందో, సినిమా వచ్చిన రెండేళ్లకు పైగా గడిచాక ఆస్కార్ నామినేషన్లు ఎలా వచ్చాయో, నవ్వు–ఏడుపు ఒకే సీన్‌లో ఎలా ఇముడుతాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

పేరు చూసి చాలామంది పొరబడే సినిమా ఇది. కుక్క ఉంటుంది, పిల్లలతో కలిసి చూడొచ్చు, కాసేపు నవ్వుకుని చివర్లో కళ్లు తుడుచుకోవచ్చు అనుకుని మొదలుపెడతారు. పది నిమిషాలయ్యేసరికి తెర మీద కుక్క కంటే ఎక్కువగా కనిపించేవి వేరే ఉంటాయి. పాల గ్లాసు నోటిదాకా తీసుకెళ్లలేక మొహం మీద పోసుకునే పిల్లాడు. మంచం మీద పుస్తకం పట్టుకుని దగ్గే తల్లి. తమ్ముణ్ణి ఏడిపించడమే పనిగా పెట్టుకున్న అన్న. ఇది కామెడీయా, విషాదమా అని తేల్చుకోలేని ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఆ ఇబ్బంది దర్శకుడు కావాలని పెట్టిందే.

స్వీడిష్‌లో సినిమా పేరు ‘మిత్ లీవ్ సోమ్ హుంద్’. దర్శకుడు లాసె హాల్‌స్ట్రామ్. రేదార్ యోన్‌సన్ తన చిన్నతనం ఆధారంగా రాసిన నవల 1983లో వచ్చింది. దాన్ని తెరకు ఎక్కించడంలో రచయిత కూడా పాలుపంచుకున్నాడు. నిడివి గంటా 41 నిమిషాలు. హాల్‌స్ట్రామ్ 1946లో, యోన్‌సన్ 1944లో పుట్టారు. అంటే కథ జరిగే 1958–59 నాటికి ఇద్దరూ దాదాపు సినిమాలోని పిల్లాడి వయసువాళ్లే. చూసి రాసిన కాలం కాబట్టే ఆ రోజుల వస్తువులు, పాటలు, మాటలు అలంకరణలా ఉండవు.

కథ: రెండు ఊళ్లు, మధ్యలో ఒక రైలు

పిల్లాడి పేరు ఇంగెమార్ యోహాన్‌సన్. తండ్రి ఇంట్లో ఉండడు. ఎక్కడో భూమధ్యరేఖ దగ్గర ఓడలకు అరటిపళ్లు ఎక్కిస్తున్నాడని చెబుతారు. తల్లి ఆరోగ్యం రోజురోజుకీ క్షీణిస్తూ ఉంటుంది. ఇంట్లో అల్లరి, అరుపులు ఆమె తట్టుకోలేదు. ఆమెకు విశ్రాంతి కావాలని వేసవిలో అన్నదమ్ములను చెరో చోటికి పంపుతారు. ఇంగెమార్ స్మోలాండ్ ప్రాంతంలోని ఒక చిన్న ఊరికి, మేనమామ గున్నార్ ఇంటికి చేరతాడు. సిక్కాన్ అనే కుక్కను మాత్రం వెంట తీసుకెళ్లనివ్వరు. దాన్ని కుక్కలను చూసుకునే చోట ఉంచుతామంటారు.

వేసవి అయ్యాక పిల్లాడు ఇంటికి తిరిగొస్తాడు. తల్లి ఆస్పత్రి పాలవుతుంది, కొన్నాళ్లకు చనిపోతుంది. చలికాలంలో మళ్లీ అదే ఊరికి ప్రయాణం. ఈసారి మేనమామ ఇంట్లో పడుకోవడానికి కూడా చోటు ఇరుకు. కింద వాటాలో ఒంటరిగా మిగిలిన ముసలావిడ దగ్గర రాత్రిళ్లు పడుకోవాల్సి వస్తుంది. కథంతా ఇంతే. కుట్ర లేదు, దుర్మార్గుడు లేడు, పెద్ద మలుపు లేదు. మరి ఈ చిన్న కథ ఇన్నేళ్లు ఎలా నిలిచింది? దానికి జవాబు వెతకాల్సింది పిల్లాడి మాటల్లో, ముఖ్యంగా అతను ఎవరితోనూ అనకుండా లోపల అనుకునే మాటల్లో.

లైకా ఇందులోకి ఎందుకొచ్చింది?

సోవియట్ యూనియన్ 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్-1ను అంతరిక్షంలోకి పంపింది. ప్రపంచం ఆశ్చర్యపోయింది. నవంబర్ 7న రష్యా విప్లవానికి 40 ఏళ్లు నిండుతాయి కాబట్టి ఆలోపే ఇంకో ఘనత చూపించాలని సోవియట్ నేత కృశ్చేవ్ పట్టుబట్టాడు. ఫలితంగా నెల రోజుల్లోపే హడావుడిగా స్పుత్నిక్-2 తయారైంది. నవంబర్ 3న అందులో లైకాను పంపారు. మాస్కో వీధుల్లో తిరుగుతుంటే పట్టుకొచ్చిన ఆడ కుక్క అది. బరువు ఆరు కిలోల లోపే. ఉపగ్రహాన్ని క్షేమంగా కిందికి దించే పరిజ్ఞానం అప్పటికి లేదు. అంటే లైకా తిరిగి రాదని పంపేముందే అందరికీ తెలుసు. ఆ ప్రయోగంలో పనిచేసిన వ్లాదిమిర్ యాజ్దోవ్‌స్కీ బయల్దేరేముందు దాన్ని ఇంటికి తీసుకెళ్లి తన పిల్లలతో ఆడుకోనిచ్చాడు.

సినిమాలో ఇంగెమార్ రాత్రిపూట కిటికీలోంచి చుక్కలకేసి చూస్తూ లైకా గురించి ఆలోచిస్తాడు. అది తిండి అయిపోయేదాకా భూమి చుట్టూ తిరిగి, చివరికి ఆకలితో చచ్చిపోయిందని అతని నమ్మకం. వెళ్తావా అని దాన్ని ఎవరూ అడగలేదు కదా అన్నదే అతన్ని తొలిచేసే విషయం. మిగతా పిల్లలు రాకెట్టును చూసి మురిసిపోతుంటే ఇతను రాకెట్టులో ఉన్న ప్రాణం గురించి బెంగపడతాడు.

ఇక్కడ చరిత్ర సినిమాకు తోడుగా నిలిచిన విషయం ఒకటుంది. లైకా ఎలా చనిపోయిందో సోవియట్ అధికారులు దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. కొన్ని రోజులు బతికిందని, బాధ లేకుండా పోయిందని ప్రపంచాన్ని నమ్మించారు. అసలు సంగతి 2002లో ఒక రష్యన్ శాస్త్రవేత్త అంతర్జాతీయ సదస్సులో చెప్పేదాకా తెలియలేదు. లోపల వేడిని అదుపు చేసే ఏర్పాటు దెబ్బతినడంతో లైకా కొన్ని గంటల్లోనే చనిపోయింది. ఆ తర్వాత ఉపగ్రహం దాని కళేబరంతో 1958 ఏప్రిల్ 14 దాకా, అంటే ఐదు నెలలకు పైగా, భూమి చుట్టూ తిరిగి వాతావరణంలో కాలిపోయింది.

అంటే 1985లో సినిమా తీసినవాళ్లకు కూడా నిజం తెలియదు. అయినా వాళ్లు ఎంచుకున్న పోలిక గురి తప్పలేదు. పెద్దవాళ్లు తమ అవసరం కోసం ఒక ప్రాణాన్ని దూరంగా పంపారు. ఏం జరిగిందని అడిగితే ఊరడించే అబద్ధం చెప్పారు. ఇంగెమార్ ఇంట్లో జరిగేదీ సరిగ్గా ఇదే. సిక్కాన్ ఎక్కడుందని అడిగిన ప్రతిసారీ ఏదో ఒక సర్దుబాటు మాట దొరుకుతుంది. దాన్ని ఎప్పుడో చంపేశారన్న సంగతి ఒక్కరూ చెప్పరు. లైకా, సిక్కాన్, ఇంగెమార్ ముగ్గురూ ఒకే వరుసలో ఉన్నవాళ్లు. ముగ్గురి గురించీ నిర్ణయాలు వాళ్లు లేని గదిలో జరిగిపోయాయి. సినిమా పేరుకు అర్థం ఈ వరుసలోనే ఉంది.

‘పోల్చుకుని చూడాలి’ అనే ఆయుధం

లైకా ఒక్కటే కాదు. ఇంగెమార్ దగ్గర ఇలాంటి వార్తల పెద్ద మూటే ఉంది. బోస్టన్‌లో కొత్త కిడ్నీ పెట్టించుకుని పేపర్లకెక్కినా బతకని మనిషి. మోటార్‌సైకిల్ మీద వరసగా నిలిపిన బండ్లను దూకబోయి ఒక్కదాని దగ్గర తప్పినవాడు. ఆఫ్రికాలో మత ప్రచారం చేస్తూ దెబ్బలకు చనిపోయిన మిషనరీ మహిళ. ఆటల మైదానానికి అడ్డంపడి దగ్గరి దారిలో వెళ్తుంటే ఈటె దిగబడి పోయిన మనిషి. ఈ చివరి వార్తను పిల్లాడు చెప్పే తీరు గమనించాలి. గొంతులో వణుకు ఉండదు. లెక్కల మాస్టారు బోర్డు మీద లెక్క చేస్తున్నంత నెమ్మదిగా, ఆ మనిషి ఎంత ఆశ్చర్యపోయి ఉంటాడో అని ఆలోచిస్తాడు. తనకు జరిగింది వాళ్లకు జరిగినదాంతో పోలిస్తే ఏమంత పెద్దది కాదని తనకు తానే నచ్చజెప్పుకుంటాడు.

మనస్తత్వ శాస్త్రంలో దీని మీద చాలా పని జరిగింది. మనిషి తనను తాను ఇతరులతో పోల్చుకునే తీరును లియాన్ ఫెస్టింజర్ 1954లో సిద్ధాంతంగా రాశాడు. కష్టంలో ఉన్న మనిషి తనకంటే పెద్ద కష్టంలో ఉన్నవాళ్లను చూసుకుని ఊరట పొందుతాడని థామస్ విల్స్ 1981లో వివరించాడు. ఆ పరిశోధనలు సినిమా తీసినవాళ్లకు తెలిసి ఉండాల్సిన పని లేదు. పక్కింటివాళ్ల కష్టం ముందు మనదెంత అని సర్దుకోవడం ఏ ఊళ్లోనైనా ఉండేదే. ఇక్కడ కొత్తదనం ఏమిటంటే ఆ పని చేసేది చిన్నపిల్లాడు. పోల్చుకోవడానికి అతనికి పక్కింటివాళ్లు కూడా దొరకలేదు, పేపర్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు తప్ప. అతని ఒంటరితనం ఎంతటిదో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఈ పద్ధతికి హద్దు ఉందని కూడా సినిమా దాచదు. తల్లి ఆస్పత్రిలో ఉన్నప్పుడు పోలికలు ఎక్కువవుతాయి, అంటే పిల్లాడికి వాటి అవసరం పెరుగుతోందన్నమాట. తల్లి పోయాక అదే గొంతు చిన్నబోతుంది. సిక్కాన్ ఇక లేదని తెలిసిన క్షణంలో ఏ పోలికా పనిచేయదు. లైకా చావును ఎంత తలుచుకున్నా సిక్కాన్ చావు చిన్నదైపోదు. అప్పటిదాకా నవ్వు పుట్టించిన లెక్కలన్నీ ఏడుపును ఆపడానికి కట్టిన అడ్డుకట్టలేనని చూసేవాడికి ఆ క్షణంలో అర్థమవుతుంది. రెండోసారి చూస్తే మొదటి అరగంటలోని నవ్వులు చాలా వరకు నవ్వుల్లా అనిపించవు.

నిజం చెప్పేది ఎవరు?

ఈ సినిమాలో పెద్దవాళ్లు చెడ్డవాళ్లు కారు, ఇది చాలా ముఖ్యం. ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1982లో తీసిన ‘ఫానీ అండ్ అలెగ్జాండర్’ కూడా స్వీడిష్ బాల్యం కథే. అందులో పిల్లలను హింసించే సవతి తండ్రి, బిషప్, ఉన్నాడు. ఫ్రాంస్వా త్రుఫో 1959లో తీసిన ‘ది 400 బ్లోస్’లో బడి, పోలీసులు, పట్టించుకోని ఇల్లు పిల్లాడిని తరుముతాయి. అక్కడ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో ప్రేక్షకుడికి తెలుసు. ఇంగెమార్ కథలో కోపం పెట్టుకోవడానికి మనిషి దొరకడు. తల్లి అరుస్తుంది, అది చావుకు దగ్గరవుతున్న మనిషి అలసట. మేనమామ గున్నార్ బంగారంలాంటి మనిషి. సిక్కాన్ సంగతి దాచింది కూడా పిల్లాడు తట్టుకోలేడన్న ప్రేమతోనే.

ప్రేమతో చేసిన దాపరికం కూడా పిల్లాడిని ఎలా దెబ్బతీస్తుందన్నదే ఈ సినిమా లోతు. ఎవరూ ఏమీ చెప్పకపోతే పిల్లలు ఖాళీని ఊరికే వదిలేయరు, తమకు తోచినదాంతో నింపుకుంటారు. సాధారణంగా ఆ తోచేది ‘తప్పు నాదే’ అన్న అనుమానం. తన అల్లరి వల్లే అమ్మకు జబ్బు ముదిరిందేమో, అమ్మ తనను వద్దనుకుని పంపేసిందేమో అన్న ప్రశ్న ఇంగెమార్‌ను లోపల్లోపల తినేస్తుంది. అమ్మకు ఓపిక ఉన్నప్పుడే అన్నీ చెప్పి ఉండాల్సిందని, ఆమెకు కథలంటే ఇష్టమని అతను అనుకుంటూ ఉంటే, సముద్రపు ఒడ్డున తల్లిని నవ్విస్తున్న పాత దృశ్యం తెర మీద మళ్లీ మళ్లీ వస్తుంది. ఆమె జబ్బు పడకముందు కాలం అది. తన మాటతో అమ్మను నవ్వించగలిగిన పిల్లాడు, ఇప్పుడు చప్పుడు చేస్తే చాలు ఆమెను చంపేస్తాడన్నంత భయంలో ఉన్నాడు.

చివరికి నిజం చెప్పేది పెద్దవాళ్లు కాదు. సాగా అనే అమ్మాయి. బాక్సింగ్ ఆడుతూ ఇద్దరికీ గొడవ ముదిరి, ఇంగెమార్ కుక్కలా మొరగడం మొదలుపెట్టినప్పుడు, ఆమె కోపంలో సిక్కాన్ చచ్చిపోయిందన్న మాట అనేస్తుంది. మాట కఠినమే. కానీ ఊళ్లో అందరూ నెలల తరబడి మోసిన గుట్టును సాటి పిల్ల ఒక్క ముక్కలో దించేసింది. ఆ తర్వాత ఇంగెమార్ మేనమామ కట్టుకున్న తోట గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. అక్కడే తొలిసారి గట్టిగా ఏడుస్తాడు. తలుపు అవతల గున్నార్‌కు కూడా ఏం మాట్లాడాలో తెలియదు. ఆ రాత్రి దాకా ఏడవని పిల్లాడు ఆ రాత్రి ఏడవగలగడమే కథలో అసలు మార్పు. అంతకు మించిన పరిష్కారం సినిమా ఏదీ చూపించదు.

సినిమా తీసిన కాలాన్ని కూడా ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. పిల్లలను కొట్టడాన్ని ఇంట్లో కూడా నిషేధిస్తూ ప్రపంచంలోనే మొదటిసారి చట్టం చేసిన దేశం స్వీడన్. అది 1979లో. సినిమా వచ్చింది ఆరేళ్ల తర్వాత. పిల్లాడు ఒక మనిషి, అతనికి చెప్పాలి, అతన్ని అడగాలి అన్న ఆలోచన చట్టంగా మారిన సమాజం, అలా అడగని 1958ని వెనక్కి తిరిగి చూసుకుంటోంది. సినిమాలో ఎవరి మీదా తీర్పు లేకపోయినా, అప్పటి పెద్దలు ఏం చేయలేకపోయారో అంత స్పష్టంగా కనిపించడానికి ఈ దూరం ఒక కారణం కావచ్చు.

గాజు ఊరు, వింత మనుషులు

స్మోలాండ్ దక్షిణ స్వీడన్‌లోని అడవుల ప్రాంతం. అక్కడ కోస్టా గాజు కర్మాగారం 1742లో మొదలైంది. కొలిమికి కావాల్సినంత కట్టె అడవిలో దొరకడంతో చుట్టూ చిన్న చిన్న గాజు ఊళ్లు వెలిశాయి. ఈ ప్రాంతాన్ని అక్కడ గాజు రాజ్యం అని పిలుస్తారు. సినిమాను తీసింది ఓఫోర్స్ అనే అలాంటి ఊళ్లోనే. ఊరందరికీ పని కర్మాగారంలోనే కాబట్టి పనీ, ఇల్లూ, ఆటా అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఒకరింట్లో జరిగేది ఇంకొకరికి తెలియకుండా ఉండదు. నగరంలో తల్లి చుట్టూ ఉన్న నిశ్శబ్దానికి ఇది పూర్తి వ్యతిరేకం.

ఈ ఊళ్లో మామూలు మనిషి అంటూ ఎవరూ కనిపించరు. ఫ్రాన్‌సన్ అనే ఆయన ఏడాది పొడుగునా ఇంటి కప్పు మీదే ఉండి రిపేరు చేస్తూ ఉంటాడు. ఒక పిల్లాడికి జుట్టు ఆకుపచ్చగా ఉంటుంది, ఎందుకని ఎవరూ అడగరు. గున్నార్ ఒకే తమాషా పాట రికార్డును పదే పదే వేసి భార్య ఉల్లాను విసిగిస్తాడు. కింద వాటాలో మంచాన ఉన్న ఆర్విడ్సన్ అనే ముసలాయన ఇంగెమార్‌ను పిలిపించుకుని, పరుపు కింద దాచిన ఆడవాళ్ల లోదుస్తుల క్యాటలాగ్ తీయించి, అందులోని వివరాలు గట్టిగా చదివించుకుంటాడు. పిల్లాడు గుడ్డ రకం, లేసు వివరాలు శ్రద్ధగా చదువుతుంటే ముసలాయన కళ్లు మూసుకుని వింటాడు. భార్య అడుగుల చప్పుడు వినిపిస్తే క్యాటలాగ్ మళ్లీ పరుపు కిందికి. సీన్ నవ్విస్తుంది. ఆయన చావుకు దగ్గరలో ఉన్నాడన్న సంగతి కూడా అదే సీన్‌లో ఉంది. ఇంటి దగ్గర తల్లి మంచం పక్కన భయం మాత్రమే తెలిసిన పిల్లాడికి, చనిపోబోయే మనిషి పక్కన కూర్చుని నవ్వుకోవచ్చని తెలిసేది ఇక్కడే.

కర్మాగారంలో పనిచేసే బెరిట్ ఒక శిల్పికి నగ్నంగా పోజు ఇవ్వడానికి వెళ్తూ, మాట రాకుండా ఉంటుందని ఇంగెమార్‌ను తోడు తీసుకెళ్తుంది. అతన్ని బయట కూర్చోబెడితే కుతూహలం ఆపుకోలేక కప్పు ఎక్కుతాడు, అద్దం పగిలి లోపల పడతాడు. సాగా ఊళ్లో అందరికంటే బాగా ఫుట్‌బాల్ ఆడుతుంది, బాక్సింగ్ చేస్తుంది. వయసు వస్తోందని తెలిస్తే మగపిల్లల జట్టులోంచి తీసేస్తారని ఆమెకు ఒకటే టెన్షన్. ఛాతీకి గుడ్డ బిగించి కట్టుకుంటుంది. ఎదగడం పిల్లలకు పండగ కాదు, చేతిలో ఉన్నది పోగొట్టుకోవడం కూడా అని సాగా పాత్ర చెప్పినంత సూటిగా మరే పాత్రా చెప్పదు.

ఈ వింత మనుషుల వరస ఊరికే పెట్టినది కాదు. నగరంలో పాలు ఒలకబోసే పిల్లాడు ఒక సమస్య. ఇక్కడ అందరికీ ఏదో ఒక పిచ్చి ఉంది కాబట్టి ఇతని పిచ్చి ప్రత్యేకంగా కనిపించదు. ఊరు అతన్ని బాగుచేయాలని చూడదు, పక్కన చోటిస్తుంది. అందుకే సినిమా రెండో సగంలో గ్లాసు చేతిలో వణకడం మెల్లగా మన దృష్టిలోంచి తప్పుకుంటుంది.

చేతిపని

హాల్‌స్ట్రామ్ అంతకుముందు ఆబా అనే స్వీడిష్ పాప్ సంగీత బృందానికి పాటల వీడియోలు తీసినవాడు. 1977లో ఆ బృందం మీద పూర్తి నిడివి సినిమా కూడా తీశాడు. చిన్న నిడివిలో, మాటలు తక్కువగా, మొహాల మీద నడపడం అక్కడ అలవాటైన పని. ఇక్కడ సీన్లు పొట్టిగా ఉంటాయి. ఏడుపు రాబోతోందనగానే కట్ పడుతుంది. తల్లి మరణం తెర మీద చూపించరు. చనిపోయిందన్న మాట కూడా నేరుగా వినిపించడం తక్కువే. అంతకుముందు అమ్మకు క్రిస్మస్ కానుకగా రొట్టె కాల్చే టోస్టర్ కొనాలని పిల్లాడు తపన పడతాడు. ఇవ్వాల్సిన మనిషి లేకుండా పోయాక ఆ కోరిక మిగిలిపోవడమే ఆ మరణాన్ని చెప్పేస్తుంది.

కెమెరా యోర్గెన్ పెర్సన్‌ది. 1967 నాటి ‘ఎల్విరా మాడిగన్’ ఆయన పనే. బ్యోర్న్ ఇస్ఫెల్ట్ సంగీతం ఎక్కువగా నెమ్మదైన పియానో, బాధను ఎత్తి చూపించదు. మొత్తం బరువు మోసింది మాత్రం ఆంటన్ గ్లాన్సేలియస్. 1974లో పుట్టిన ఈ పిల్లాడికి నవ్వితే బుగ్గలు సాగి చెవిదాకా వెళ్లే మొహం. ఆ నవ్వు ఎప్పుడు సంతోషం, ఎప్పుడు భయం అన్నది చూసేవాళ్లు ఊహించుకోవాల్సిందే. స్వీడన్ జాతీయ సినిమా అవార్డు గుల్డ్‌బాగే ఉత్తమ నటుడిగా అతనికే ఇచ్చింది.

ఆస్కార్ నామినేషన్ల చిక్కుముడి

1985 సినిమాకు 1988 ఏప్రిల్‌లో జరిగిన ఆస్కార్ వేడుకలో నామినేషన్లు ఎలా వచ్చాయన్నది చాలామందికి అర్థం కాని విషయం. దీనికి కారణం ఆస్కార్లు ఇచ్చే అకాడమీ అప్పటి నిబంధనలు. విదేశీ భాషా చిత్రాల విభాగానికి సినిమాను దేశం పంపాల్సి ఉండేది. దర్శకత్వం, రచన లాంటి మిగతా విభాగాలకు దేశంతో పని ఉండేది కాదు, ఆ ఏడాది లాస్ ఏంజిలెస్ థియేటర్‌లో విడుదలైతే సరిపోయేది. ఈ సినిమా అమెరికాలో 1987లో విడుదలైంది. అందుకని 1987 సినిమాగా లెక్కకు వచ్చి, ఉత్తమ దర్శకుడు, మరో రచన ఆధారంగా రాసిన ఉత్తమ స్క్రీన్‌ప్లే విభాగాల్లో పోటీకి నిలిచింది. ఆ రెండు అవార్డులూ బెర్నార్డో బెర్తొలూచీ తీసిన ‘ది లాస్ట్ ఎంపరర్’కు వెళ్లాయి. ఆ ఏడాది దర్శకుల జాబితాలో నిలిచిన ఐదుగురిలో ఒక్క అమెరికన్ కూడా లేకపోవడం మరో విశేషం. విదేశీ భాషా చిత్రంగా గోల్డెన్ గ్లోబ్ మాత్రం హాల్‌స్ట్రామ్ సినిమాకే దక్కింది.

ఈ గుర్తింపు ఆయన్ను హాలీవుడ్‌కు చేర్చింది. 1993లో ‘వాట్స్ ఈటింగ్ గిల్బర్ట్ గ్రేప్’, 1999లో ‘ది సైడర్ హౌస్ రూల్స్’, 2000లో ‘షోకొలా’ వచ్చాయి. అన్నిటిలోనూ ఒక చిన్న ఊరు, అక్కడ ఇమడని మనిషి, మెల్లగా చోటిచ్చే జనం కనిపిస్తారు. వాటిలో కొన్ని మరీ తీపెక్కాయన్న విమర్శ న్యాయమైనదే. ఇంగెమార్ కథలో తీపిని పట్టి ఉంచే చేదు, అంటే ఎవరూ చెప్పని నిజం, తర్వాతి సినిమాల్లో పలచబడింది.

బాక్సర్ పేరు పెట్టుకున్న పిల్లాడు

సినిమా చివరి ఘట్టానికి 1959 జూన్ 26 నేపథ్యం. ఆ రోజు న్యూయార్క్ యాంకీ స్టేడియంలో స్వీడన్ బాక్సర్ ఇంగెమార్ యోహాన్‌సన్ మూడో రౌండ్‌లో ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను ఏడుసార్లు నేలకూల్చి ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. పిల్లాడి పేరు, చాంపియన్ పేరు ఒకటే. సినిమాలో రేడియో కామెంటరీ ఊరంతా వినిపిస్తుంది. గెలుపు వార్త రాగానే జనం ఆ పేరు పెట్టి కేకలు వేస్తారు. ఆ సమయానికి మన ఇంగెమార్, సాగా పక్కపక్కన సోఫాలో నిద్రపోతుంటారు.

దీన్ని సుఖాంతం అనొచ్చా? తల్లి తిరిగి రాలేదు, తండ్రి రాలేదు, సిక్కాన్ లేదు. ఆ ఊళ్లో ఇంకెన్నాళ్లు ఉంటాడో తెలియదు. మారింది ఒక్కటే. అప్పటిదాకా పిల్లాడు పేపర్లో ఓడిపోయినవాళ్లను, చనిపోయినవాళ్లను ఏరుకుని వాళ్ల పక్కన తనను నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు తన పేరే గెలిచినవాడి పేరై ఊరంతా మోగుతుంటే, దాన్ని కూడా పోల్చుకోవాల్సిన అవసరం లేకుండా నిద్రపోగలుగుతున్నాడు. పోలిక అక్కర్లేని నిద్ర పట్టడం ఆ వయసు పిల్లాడికి చిన్న విషయం కాదు. దర్శకుడు అంతకంటే ఎక్కువ ఇవ్వకపోవడం నిజాయితీ.

పిల్లలకు చూపించవచ్చా?

కథానాయకుడు పిల్లాడైనంత మాత్రాన ఇది చిన్నపిల్లల సినిమా అయిపోదు. శరీరం గురించిన కుతూహలాన్ని స్వీడిష్ సినిమా దాచదు. మొదట్లో అన్న బలవంతం మీద పిల్లాడి మర్మాంగం సీసాలో ఇరుక్కుపోయే ఘటన, బెరిట్ నగ్నంగా ఉండే సీన్, సాగా వయసుకు రావడం గురించిన సీన్లు మన ఇళ్లలో కలిసి కూర్చుని చూస్తే ఇబ్బంది కలిగించవచ్చు. అంతకంటే ముఖ్యమైనది తల్లి మరణం, కుక్క మరణం. టీనేజీలో ఉన్న పిల్లలతో చూసేటప్పుడు పెద్దవాళ్లు ముందే ఒకసారి చూసి ఉండటం మంచిది. పిల్లలు ‘కుక్కకు ఏమైంది’ అని మధ్యలో అడుగుతారు. ఆ ప్రశ్నకు గున్నార్ ఇచ్చినట్టు సర్దుబాటు జవాబు ఇస్తే, సాగా మాట వచ్చేసరికి ఇంట్లోవాళ్లు కూడా ఇరుక్కుంటారు.

హాల్‌స్ట్రామ్ పేరు కొత్తగా అనిపించినా, ఆయన సినిమా మనలో చాలామంది ముందే చూసి ఉండే అవకాశం ఉంది. ఓం పురి నటించి, ఎ.ఆర్. రెహమాన్ సంగీతం ఇచ్చిన 2014 నాటి ‘ది హండ్రెడ్-ఫుట్ జర్నీ’ ఆయనదే. ముంబైలో తల్లిని పోగొట్టుకున్న కుర్రాడు ఫ్రాన్స్‌లో పరాయి ఊళ్లో నిలదొక్కుకునే కథ అది. దాన్ని ఇష్టపడినవాళ్లు ఇంగెమార్ కథతో పక్కపక్కన పెట్టి చూస్తే, తల్లి లేని పిల్లాడికి ఒక ఊరు చోటివ్వడం అనే విషయాన్ని ఒకే దర్శకుడు రెండు వయసుల్లో ఎంత వేరుగా చెప్పాడో తెలుస్తుంది.